పెద్దరికమునకు అర్హత: ఎదుగుచున్న దేశము – ప్రపంచ పాలన
(పి.వి. నరసింహారావుగారి స్మృత్యర్థము సింగపూరులో చేసిన ఉపన్యాసపు ముద్రిత పాఠము)

ఈ వేదిక పాములపర్తి వేంకట నరసింహారావుగారి స్మృతికి అంకితమైనది. 1921 జూన్ 28న వరంగల్లు ప్రాంతమందలి లక్నేపల్లిలో జన్మించి, వంగర గ్రామమున పెరిగి, విశ్వనాథవారి ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేరిట హిందీలోనికి అనువదించి, రాష్ట్రమునకు ముఖ్యమంత్రియు, దేశమునకు విదేశాంగమంత్రియు, తుదకు ప్రధానమంత్రియునైన ఆ మహనీయుని గుణగణములను నాకంటె సన్నిహితముగా ఎరిగినవారు ఈ సభలోనే ఉండవచ్చును. అందుచేత నేను జీవితచరిత్ర జోలికి పోక, ఆయన రెండు వేదికలపై లేవనెత్తి, మనకు విడిచిపోయిన ఒక ప్రశ్నను మాత్రము చేపట్టెదను.

ఆ వేదికలలో మొదటిది న్యూయార్కు నగరమందలి భద్రతామండలి. 1992 జనవరి 31న ఆ మండలి తన చరిత్రలో తొలిసారిగా దేశాధినేతల స్థాయిలో సమావేశమైనపుడు, అప్పటికి తాత్కాలిక సభ్యత్వము కలిగియున్న భారతదేశము పక్షమున నరసింహారావుగారు పాల్గొని, మారిన ప్రపంచమునకు తగినట్లు మండలియు విస్తరింపవలెనని కోరిరి. రెండవ వేదిక ఈ నగరముననే కలదు. 1994 సెప్టెంబరులో ఆయన ఇక్కడ ‘సింగపూర్ లెక్చర్’ చేసి, ఆసియా–పసిఫిక్ దేశములతో భారతదేశము నెలకొల్పదలచిన నూతన సంబంధమును వివరించిరి. ఈ రెండు ప్రసంగములకు పూర్వరంగముగా 1991 వేసవిని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. విదేశమారక నిల్వలు కొలది వారముల దిగుమతులకైనను చాలని స్థితిలో, రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారమును ఇంగ్లండునకును జపానునకును తరలించి అప్పు తెచ్చిన జూలై నెల అది. బంగారము కుదువబెట్టి ఏడు నెలలైనను నిండని దేశము ప్రపంచ పాలనలో తన వంతు స్థానమును అడుగుట సాహసమా, స్వాతిశయమా, న్యాయమా? ఎదుగుచున్న దేశమునకు ప్రపంచ పెద్దరికమునందు అర్హత ఉన్నదా? ఉన్నచో ఆ అర్హత దేనివలన కలుగును? ఇదియే నేటి ఉపన్యాస విషయము.

ప్రస్తుతమున్న ఏర్పాటు ఏ అర్హతను చూచి కల్పింపబడినదో మొదట పరిశీలింతము. 1945లో సాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన దేశములు ఐక్యరాజ్యసమితి సనదును రచించినపుడు, రెండవ ప్రపంచయుద్ధమున జయించిన ఐదు రాజ్యములకు శాశ్వత స్థానమును నిషేధాధికారమును దక్కినవి. ఆ యుద్ధమున పాతిక లక్షలమంది సైనికులను పంపిన భారతదేశము సనదుపై సంతకము చేసిన మూలసభ్యదేశములలో ఒకటియే గాని, అప్పటికింకను పరాధీనము. ఆర్కాటు రామస్వామి ముదలియారుగారి నాయకత్వమున వెళ్ళిన ప్రతినిధివర్గము బ్రిటిషు ప్రభుత్వము నియమించినదే. కాగా నాటి స్థానముల పంపకము విజేతల బలాబలములను అనుసరించి జరిగినది. జనసంఖ్యనుగాని, ధర్మనిష్ఠనుగాని, భవిష్యత్తునుగాని ఎవరును తూచి చూడలేదు. యుద్ధము ముగిసిన నాటి బలము ఎనిమిది దశాబ్దముల పిమ్మటను చెల్లుబడి యగుచుండుటయే నేటి అసంతృప్తికి మూలము.

ఈ ఏర్పాటు ఒక్కసారి మాత్రము మారినది. ఆసియా ఆఫ్రికా ఖండములలో స్వతంత్రదేశముల సంఖ్య పెరుగగా, 1963 డిసెంబరు 17న సర్వప్రతినిధి సభ మండలి సభ్యుల సంఖ్యను 11 నుండి 15కు పెంచుచు తీర్మానించినది. ఆనాడు శాశ్వత సభ్యులలో నాటి చైనా ప్రతినిధి ఒక్కడే అనుకూలముగా ఓటు వేసెను. ఫ్రాన్సు, సోవియట్ యూనియన్ వ్యతిరేకించినవి. బ్రిటను, అమెరికా తటస్థముగా నుండినవి. అయినను అధికసంఖ్యాకుల కోర్కెను కాదని నిలువజాలక, రెండేండ్లలోపుననే ఐదు రాజ్యములును ఆ సవరణను ధ్రువీకరించినవి. అది అమలులోనికి వచ్చినది 1965 ఆగస్టు 31న. ఆ నెల 9వ తేదీననే సింగపూరు స్వతంత్రదేశమైనది. సెప్టెంబరు 21న సమితిలో 117వ సభ్యదేశముగ చేరినది. అనగా ఈ నగరరాజ్యము వయస్సును, భద్రతామండలి నేటి స్వరూపపు వయస్సును ఒక్కటియే. ఈ అరువది సంవత్సరములలో సింగపూరు గుర్తింపరానంతగా మారినది. సమితి సభ్యుల సంఖ్య 193కు పెరిగినది. మండలి స్వరూపము మాత్రము నాడెట్లుండెనో నేడును అట్లే యున్నది.

భారతదేశము 1979లోనే ఇతర దేశములతో కలసి మండలిలో న్యాయమైన ప్రాతినిధ్యము అను అంశమును సభ కార్యక్రమమున చేర్పించినది. 1993లో ఇందులకు ఒక కార్యవర్గము ఏర్పడినది. 1997లో, మన పొరుగున ఉన్న మలేషియాకు చెందిన రజాలీ ఇస్మాయిల్‌గారు సభాధ్యక్షులుగా ఒక ప్రణాళికను ప్రతిపాదించిరి. 2005లో భారత, జపాన్, జర్మనీ, బ్రెజిల్ దేశములు కలసి ముసాయిదాను సమర్పించినవి. ఏదియు గట్టెక్కలేదు. సనదు 108వ అధికరణము ప్రకారము సవరణకు సభ్యదేశములలో మూడింట రెండువంతుల ఆమోదముతోబాటు ఐదుగురు శాశ్వత సభ్యుల ధ్రువీకరణమును కావలెను. కూర్చున్నవారు సమ్మతించిననే గాని నిలుచున్నవారికి చోటు దొరకదు.

ఇచ్చట మనవారిలో తరచుగ వినవచ్చు ఒక ఆక్షేపణను ప్రస్తావింపవలసియున్నది. 1955లో సోవియట్ ప్రధాని బుల్గానిన్, భారతదేశమును ఆరవ శాశ్వత సభ్యునిగ చేర్చు ఆలోచనను నెహ్రూగారి ముందుంచగా ఆయన తిరస్కరించెనని రాధాకృష్ణన్‌గారి కుమారుడును ప్రసిద్ధ చరిత్రకారుడునగు సర్వేపల్లి గోపాల్‌గారు 1979లో వెలువడిన తమ నెహ్రూ చరిత్ర రెండవ సంపుటమున వ్రాసిరి. కాని నెహ్రూగారు 1955 సెప్టెంబరు 27న లోకసభలో, అట్టి ప్రతిపాదనమేదియు లాంఛనముగాగాని అనధికారముగాగాని రాలేదని చెప్పియుండిరి. చేతికి వచ్చినదానిని జారవిడిచినామన్న విచారము నేటికిని మనలో అనేకులకు గలదు. అయితే ఇందాక చెప్పుకొన్న అధికరణమును తలచుకొనుడు: ఒక అగ్రరాజ్యము సుముఖమైనంతనే స్థానము దక్కెడిది కాదు, తక్కిన నాలుగు రాజ్యములును, మూడింట రెండువంతుల దేశములును ఒడంబడవలసియుండెను. ఒకరి అనుగ్రహముతో దక్కు స్థానము ఆ ఒకరికి ఋణపడిన స్థానమైయుండెడిదని నా విశ్వాసము.

అట్లయిన భారతదేశపు హక్కు దేనిపై ఆధారపడియున్నది? మానవజాతిలో ఆరవ వంతు, ప్రపంచమున అతిపెద్ద ప్రజాస్వామ్యము, ఐదారు పెద్ద ఆర్థికవ్యవస్థలలో ఒకటి అను వాదములు సుపరిచితములు, ఇవి నిజములును. శాంతిరక్షణకై రెండు లక్షలకు పైగా సైనికులను వివిధ ఖండములకు పంపినదన్నదియు నిజమే. కాని నన్నడిగినచో, భారతదేశము ప్రపంచమునకు నాయకత్వము వహించిన తొలి సందర్భము దానికి సైన్యముపై స్వాధికారముగాని, సంపదగాని, స్వాతంత్ర్యముగాని లేనినాడే సంభవించినది. 1946లో సమితి తొలి సమావేశములలోనే దక్షిణాఫ్రికాలో భారతీయులపై జరుగుచున్న జాతివివక్షను విజయలక్ష్మీ పండిత్‌గారి నాయకత్వమందలి ప్రతినిధివర్గము సభ ముందుంచినది. బ్రిటనును అమెరికాయును వ్యతిరేకించినను, డిసెంబరు 8న 32 దేశములు అనుకూలముగా, 15 దేశములు ప్రతికూలముగా ఓటు వేయగా మూడింట రెండువంతుల ఆధిక్యముతో తీర్మానము నెగ్గినది. ఆ ఓటు వేసిన దేశములను భారతదేశము భయపెట్టలేదు, కొనలేదు. అందుకు తగిన శక్తియే దానికి లేదు. తమ పక్షమునను ఒకరు మాటలాడుచున్నారని అవి నమ్మినవి.

అర్ధశతాబ్దము గడచిన పిమ్మట జరిగిన వేరొక ఓటును దీని ప్రక్కన నిలిపి చూడుడు. 1996 అక్టోబరులో ఆసియాకు చెందిన తాత్కాలిక స్థానము కొరకు భారత, జపాన్ దేశములు పోటీపడినవి. జపానుకు 142 ఓట్లు, భారతదేశమునకు 40 ఓట్లు. నాటికి భారతదేశము 1946 నాటికంటె ఎన్నో రెట్లు బలమైనది, స్వతంత్రము, ఎదుగుచున్నది. బలము పెరిగినకొలది ఓట్లు పెరుగునన్న సిద్ధాంతము ఈ లెక్క ముందు నిలువదు. పిదప 2010లో 187, 2020లో 184 ఓట్లతో భారతదేశమే ఎన్నికైనది. నడుమ జరిగినదేమి? ఆర్థికాభివృద్ధి ఒక కారణము. పొరుగుదేశములతోడను దూరదేశములతోడను కోల్పోయిన పరిచయమును ఓపికతో పునరుద్ధరించుకొనుట అంతకంటె ముఖ్యమైన కారణము.

ఈ పరిచయపు కథ సింగపూరువారికి స్వానుభవము. 1867 వరకు ఈ ద్వీపము కలకత్తానుండి పాలింపబడినది. 1943 అక్టోబరు 21న సుభాష్ చంద్రబోసు ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వమును ప్రకటించినది ఈ నగరమందలి క్యాథే భవనముననే. ఇంతటి బంధమున్నను, 1965లో స్వతంత్రమైన కొలది దినములలో లీ క్వాన్ యూగారు సైన్యమును నిర్మించుకొనుటకు ఒక సైనిక సలహాదారుని పంపుడని లాల్‌బహదూర్ శాస్త్రిగారిని అభ్యర్థింపగా, ప్రత్యుత్తరమున శుభాకాంక్షలున్నవేగాని సలహాదారుని ప్రసక్తి లేదని లీగారు తమ స్మృతులలో వ్రాసికొనిరి. ఆ సాయము చివరకు ఇజ్రాయెల్‌నుండి లభించినది. పాకిస్తాన్‌తో యుద్ధపు వాకిట నున్న దేశమునకు నాడు వేరొక చింత లేకపోవుట సహజమే కావచ్చును. కాని చిన్నదేశములు అడిగినపుడు లభింపని సాయమును మరచిపోవు. 1980లో భారతదేశము కంబోడియాలో వియత్నాం సైన్యము నిలిపిన ప్రభుత్వమును గుర్తించినపుడు, తమ పొరుగున ఒక పెద్దదేశము చిన్నదేశముపై దండెత్తుట చూచి కలవరపడియున్న ఆగ్నేయాసియా రాజ్యములకును ఢిల్లీకిని ఎడము మరింత పెరిగినది.

ఆ ఎడమును తగ్గించుటకు పూనుకొన్నవారు నరసింహారావుగారు. తూర్పు దేశములవైపు దృష్టి మరల్చవలెనన్న ఆయన విధానమునకు సింగపూరు ప్రధాని గో చోక్ టోంగ్‌గారు చేయూతనిచ్చిరి. 1994 గణతంత్ర దినోత్సవమునకు ఢిల్లీలో ముఖ్య అతిథిగా వచ్చినది ఆయనయే. 1992లో ఆసియాన్ కూటమికి పాక్షిక సంభాషణ భాగస్వామియైన భారతదేశము 1995లో పూర్ణ భాగస్వామ్యమును పొందినది. 1994లోనే ఉభయదేశముల నౌకాదళములు ఏటేట కలసి విన్యాసములు చేయ నారంభించినవి. తరువాతి కాలమున సింగపూరు వైమానికులు కలైకుండలోను, సైనికులు బబీనా, దేవలాలీ మైదానములలోను శిక్షణ పొందుటకు భారతదేశము అనుమతించినది. 1965 నాటి లేఖకు ఈ విధముగ నాలుగు దశాబ్దముల పిమ్మట సమాధానము లభించినది.

ఇక చిన్నదేశముల దృష్టితో ప్రపంచ పాలనను చూడవలెను. ఆ దృష్టి అలవడుటకు సింగపూరును మించిన గురువు లేదు. సముద్రపు చట్టమును రూపొందించిన మహాసభకు 1981 నుండి అధ్యక్షత వహించి, 1982 డిసెంబరులో మాంటెగో బే నగరమున దానిని సంతకములదాక నడిపించినవారు ఈ దేశమునకు చెందిన టామీ కోగారు. 1992లో సమితియందు చిన్నరాజ్యముల వేదికను సమకూర్చినదియు సింగపూరే. అందు నేడు నూటికి పైగా దేశములు గలవు. 2009లో, ఇరువది పెద్ద ఆర్థికవ్యవస్థల కూటమి నిర్ణయములలో తక్కినవారి మాటయు వినబడవలెనని సుమారు ముప్పది దేశములను కూర్చినదియు ఇదే. 1983లో అమెరికా గ్రెనడాపై దండెత్తినపుడు, ఆ దేశముతో ఎంత మైత్రియున్నను, సింగపూరు ఆ చర్యను గర్హించు తీర్మానమునకే ఓటు వేసినది. 2022లో రష్యా ఉక్రెయిన్‌లో ప్రవేశించినపుడును అట్లే ఖండించి, స్వయముగ ఆంక్షలు విధించినది. నియమము సడలిన లోకమున చిన్నదేశమునకు నిలువనీడ ఉండదని దీనికి తెలియును.

ఒక ఉదాహరణమును కొంత వివరముగ చూతము. సింగపూరు జలసంధి తూర్పు ముఖద్వారమున పెడ్రా బ్రాంకా అను రాతి గుట్ట కలదు. పోటు తీసినపుడు దాని పొడవు 137 మీటర్లు, సగటు వెడల్పు 60 మీటర్లు. దానిపై 1851 నుండి హార్స్‌బర్గ్ దీపస్తంభము నిలిచియున్నది. పైరు పండదు, ఊరు లేదు. అయినను ఓడలు నిరంతరము సాగు దారి ప్రక్కనున్నందున ఆ రాతి విలువ దాని కొలతకు మించినది. 1979లో మలేషియా ప్రచురించిన పటములో అది తన భూభాగముగ చూపబడినపుడు తగవు మొదలైనది. రెండు దేశములును 2003లో ఒప్పందము చేసికొని అంతర్జాతీయ న్యాయస్థానమునకు వెళ్ళినవి. 2008 మే 23న న్యాయమూర్తులు 12–4 ఆధిక్యతతో పెడ్రా బ్రాంకా సింగపూరుదని తీర్పు చెప్పిరి; ప్రక్కనున్న మిడిల్ రాక్స్ మలేషియాదని వేరుగ నిర్ణయించిరి. 2017లో మలేషియా పునర్విచారణ కోరినది, కాని ఆ ప్రయత్నమును సైతము న్యాయస్థానము ద్వారానే చేసి మరుసటి ఏట విరమించుకొన్నది. ఎవరును యుద్ధనౌకలతో తీర్పును తిరగవ్రాయ జూడలేదు.

ఊరి తగవులు తీర్చు పెద్దమనిషి తన పొలము గట్టు తగవు వచ్చిననాడు పదిమంది మాటకు తలయొగ్గునా లేదా అన్నదానిని బట్టియే ఊరు ఆయన పెద్దరికమును లెక్కించును. ఈ పరీక్షలో భారతదేశము ఒకమారు ఘనముగ నెగ్గినది. బంగాళాఖాతమున బంగ్లాదేశముతో సముద్రపు సరిహద్దును గూర్చిన వివాదము మధ్యవర్తుల ముందునకు పోగా, 2014 జూలై 7న వెలువడిన నిర్ణయము ప్రకారము వివాదగ్రస్తమైన 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 చదరపు కిలోమీటర్లు బంగ్లాదేశమునకు దక్కినవి. భారతదేశము ఎన్నో రెట్లు బలీయమైనను ఆ నిర్ణయమును శిరసావహించినది. రెండేండ్ల తరువాత దక్షిణ చైనా సముద్రమును గూర్చి ఫిలిప్పీన్సు పక్షమున వెలువడిన మధ్యవర్తుల తీర్పును చైనా తిరస్కరించినది. శాశ్వత స్థానమున్న దేశము తీర్పును త్రోసిపుచ్చగా, లేని దేశము పాటించినది. పెద్దరికమునకు అర్హత ఎచ్చటనున్నదో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము నాకు కనబడదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జి–20 సమావేశమున ఆఫ్రికా సమాఖ్యను శాశ్వత సభ్యురాలిగ చేర్పించుటయు ఇట్టిదే. తనకు చోటు అడుగుచున్న దేశము ముందుగ ఇతరులకు చోటు ఇప్పించినది.

అట్లని లోపములను కప్పిపుచ్చుట స్మారకోపన్యాస ధర్మము కాదు. 2022 మార్చి 2న ఉక్రెయిన్ విషయమున సర్వప్రతినిధి సభలో 141 దేశములు దండయాత్రను గర్హించినపుడు భారతదేశము తటస్థముగ నుండినది. ఆయుధముల అవసరము, ఇంధనపు ధర, చిరకాలమైత్రి మొదలగు కారణములు లేకపోలేదు. కాని దండయాత్రను దండయాత్ర యనుటకు వెనుకాడినచో, రేపు తమ పక్షమున మాటలాడునా యని చిన్నదేశములు సందేహించును. విదేశాంగ సేవలో అధికారుల సంఖ్య దేశ పరిమాణమునకు తగినట్లు లేదని పార్లమెంటు స్థాయీసంఘమే పలుమారులు హెచ్చరించినది. ఇరుగుపొరుగు దేశములకు మనపై గల శంకలును సమసిపోలేదు. దూరమున మన్ననయు, దాపున అనుమానమును కలిగియున్న పెద్దరికము నిలకడగలది కాదు.

నిషేధాధికారమును గూర్చి నా అభిప్రాయము స్పష్టముగ చెప్పెదను. 2005 నాటి ముసాయిదాలో భారతదేశమును తోటి దేశములును క్రొత్త సభ్యులు పదునైదేండ్లపాటు ఆ అధికారమును వినియోగింపరాదని ఒప్పుకొనినవి. అదే కాలమున సింగపూరు, స్విట్జర్లాండు, కోస్టారికా, జోర్డాను, లీక్‌టెన్‌స్టైన్ దేశములు, జాతిసంహారము వంటి ఘోరముల విషయమున శాశ్వత సభ్యులు నిషేధాధికారమును వాడరాదని కోర నారంభించి, 2012లో ఒత్తిడికి లోబడి తమ తీర్మానమును ఉపసంహరించుకొనవలసివచ్చినది. పెద్దదేశముల కోర్కెయు చిన్నదేశముల కోర్కెయు వేర్వేరు త్రోవలలో నడచినందున రెండును విఫలమైనవి. భారతదేశము చిన్నదేశముల కోర్కెను తన కోర్కెగ స్వీకరింపవలెను. తనకు ఆ అధికారము వలదనియు, ఉన్నవారిని కట్టడి చేయు నియమమునకు తానే ముందుండి ఓటు వేయుదుననియు ప్రకటింపవలెను. 1965 సవరణ అధికసంఖ్యాకుల బలముతో నెగ్గినది. మరల నెగ్గవలెనన్నను ఆ బలమే శరణ్యము.

కాబట్టి నా తీర్పు ఇది. ఎదుగుచున్న దేశమునకు ప్రపంచ పాలనలో స్థానము పొందు హక్కు నిస్సంశయముగ కలదు. మానవజాతిలో ఆరవ వంతును వెలుపల నిలిపిన సభ తన్ను ప్రపంచసభ యని పిలిచికొనజాలదు. నాయకత్వము అంతకుమించిన పదవి. దానిని, తనకు నష్టము కలిగించు తీర్పును సహించిన దేశమునకు, అడిగిన చిన్నవానికి సమాధానమిచ్చిన దేశమునకు, ఇతరులు ఇత్తురు. భారతదేశము ఈ త్రోవలో కొంత దూరము నడచినది; నడువవలసిన దూరము ఇంకను మిక్కిలిగ కలదు.

సింగపూరు తెలుగువారలారా, మీరు పెద్దదేశమున పుట్టి చిన్నదేశమున జీవించుచున్నవారు. చిన్నదేశము లోకమును ఏ కన్నుతో చూచునో మీకు నిత్యానుభవము. ఆ అనుభవమును జన్మభూమికి తెలియజేయుడు. సెలవులకు వెళ్ళినపుడు బంధుమిత్రులతో ఇచ్చటి వీథుల శుభ్రతను, విమానాశ్రయపు వైభవమును చెప్పుటతో సరిపుచ్చక, న్యాయస్థానపు తీర్పు ఎంతటివానికైనను శిరోధార్యమని నమ్మిన దేశము ఎట్లు బ్రతుకుచున్నదో చెప్పుడు. మీ బిడ్డలకు 1946 నాటి ఓటును, 1996 నాటి ఓటును రెంటిని బోధింపుడు. నరసింహారావుగారు లేవనెత్తిన ప్రశ్నకు సమాధానము న్యూయార్కులో వ్రాయబడుటకు ముందు భారతదేశపు నడవడిలో వ్రాయబడవలెను. అట్లు వ్రాయించు బాధ్యత ఆ దేశపు పౌరులదియు, ఆ దేశమును ప్రేమించు మనదియు.